ట్యూబ్ యాంప్ ముందు పాడే బూస్ట్ పెడల్ మోడలర్ ముందు ఎందుకు చిరిగిపోతోంది?

విభాగం: పెడల్స్, యాంప్‌లు, మోడలర్లు

#1 గుంటూరు_స్ట్రాట్ | మంగళవారం, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు.

ఆదివారం చర్చిలో, మిగతా రోజుల్లో ఎవరైనా పిలిస్తే పెళ్లి ఆర్కెస్ట్రాల్లో వాయిస్తాను. సింగిల్ కాయిల్ గిటార్, ఒక చిన్న ఫ్లోర్ మోడలర్ (రకరకాల యాంప్‌ల సౌండ్‌ని డిజిటల్‌గా అనుకరించే డబ్బా), అక్కడి నుంచి వైరు నేరుగా మిక్సర్‌కి. మోడలర్ కంపెనీ పేరు చెప్పను, చెబితే మాటంతా దాని మీదికే పోతుంది. పెడల్స్ రెండున్నాయి. ఒకటి ట్యూబ్ స్క్రీమర్ తరహా ఓవర్‌డ్రైవ్, రెండోది సౌండ్ రంగు మార్చకుండా సిగ్నల్‌ని 20 డీబీ (డెసిబెల్) దాకా పెంచే క్లీన్ బూస్టర్.

పోయిన నెల వైజాగ్‌లో ఒక స్నేహితుడి ఇంట్లో వాక్స్ ఏసీ30 అనే ట్యూబ్ యాంప్ దొరికింది. వాల్యూమ్ సగానికి పైన పెట్టి, బూస్టర్ నాబ్ మూడొంతులు తిప్పి తొక్కాను. ఏం చెప్పను! నోటు పట్టుకుంటే వదలడం లేదు. సన్నగా మొదలై లావెక్కుతోంది. గట్టిగా కొడితే కసురుతోంది, మెల్లగా కొడితే తగ్గి మాట్లాడుతోంది. వాళ్లమ్మగారు వంటింట్లోంచి వచ్చి తలుపేసి వెళ్లారు, అది వేరే విషయం.

ఇంటికొచ్చి అదే బూస్టర్, అదే నాబ్, మోడలర్‌లో ఏసీ30 మోడల్. తొక్కగానే తాటాకు చింపినట్టు చరచర. పోనీ సౌండ్ పెరిగిందా అంటే అదీ లేదు. సోలోలో పైకి రావాల్సింది పోయి ఇంకా లోపలికి వెళ్లిపోయినట్టుంది.

మోడలర్ అమ్మేసి చిన్న ట్యూబ్ యాంప్ కొనాలా? లేక పెడల్స్ అమ్మేసి మోడలర్ లోపలి బూస్ట్‌తో సరిపెట్టుకోవాలా? రెండూ ఉంచుకునే దారి ఏమైనా ఉందా?


#2 వాల్వ్_బాబాయ్ | మంగళవారం, రాత్రి 11:15

తమ్ముడూ, జవాబు నువ్వే రాసుకున్నావు. ట్యూబ్ ట్యూబే.

బూస్ట్ పెడల్ పుట్టిందే ట్యూబ్ యాంప్ కోసం. 1960ల్లో బ్రిటిష్ యాంప్‌లు కొంచెం మబ్బు పట్టినట్టు పలికేవి. వాటి మీద డల్లాస్ రేంజ్‌మాస్టర్ అని, సన్నటి సౌండ్‌ని ఎత్తే ఒక ట్రెబుల్ బూస్టర్ డబ్బా పెట్టుకునేవారు. లోపల చూస్తే ఓసీ44 అనే జెర్మేనియం ట్రాన్సిస్టర్ ఒక్కటే. ఐరిష్ గిటారిస్ట్ రోరీ గాలఘర్ దాన్ని ఏసీ30లోకి తోసి వాయించాడు. క్వీన్ బ్యాండ్ బ్రయాన్ మే అన్నేళ్లూ ట్రెబుల్ బూస్టర్, ఏసీ30 జోడీ వదల్లేదు. అమెరికాలో ఎలక్ట్రో హార్మోనిక్స్ వాళ్ల ఎల్‌పీబీ-1 కూడా 1960ల చివర్లో వచ్చిందే. అవతల వేడిగా ఒక గాజు గొట్టం కూర్చుని ఉంటుంది, మనం తోస్తే అది చూసుకుంటుంది అన్న ధైర్యంతో చేసిన పెడల్స్ అవి. నువ్వు దాన్ని తీసుకెళ్లి కంప్యూటర్‌కి గుచ్చావు.

అమ్మెయ్ ఆ మోడలర్ డబ్బా.


#3 డ్రాప్_సి | మంగళవారం, రాత్రి 11:32

బాబాయ్ గారూ, ఏసీ30 బరువు 30 కిలోల పైమాటే. ఆదివారం పొద్దున్నే చర్చి మెట్లెక్కి మీరొచ్చి మోస్తారా? :)

నేను హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉంటాను. ట్యూబ్ యాంప్‌ని దాని అసలు గొంతుతో పలికిస్తే పక్క ఫ్లాట్ వాళ్లు సొసైటీ మీటింగ్ పెడతారు. మోడలర్ లోపల ట్యూబ్ స్క్రీమర్ ఉంది, క్లీన్ బూస్ట్ ఉంది, ట్రెబుల్ బూస్టర్ కూడా ఉంది. బయటి పెడల్స్ అమ్మేయండి, లోపలివి వాడండి. ఇందులో ఆలోచించడానికేముంది?


#4 కోఠి_సోల్డర్ | బుధవారం, ఉదయం 7:05

ఆగండి ఆగండి. పేషెంట్‌ని చూడకుండానే ఒకాయన కాలు తీసేయమంటున్నాడు, ఇంకొకాయన చెయ్యి తీసేయమంటున్నాడు.

గుంటూరు అన్నా, నాలుగు ముక్కలు చెప్పండి.

చరచర రెండు పెడల్స్‌తోనూ వస్తుందా, బూస్టర్‌తోనేనా? బూస్టర్‌కి కరెంట్ ఎక్కడి నుంచి, ఎన్ని వోల్టులు? మోడలర్ మీద ఇన్‌పుట్ లైట్ లాంటిది ఉందా, ఉంటే తొక్కినప్పుడు ఏ రంగు? ఇంకోటి, మోడలర్‌లో యాంప్ బ్లాక్ (యాంప్‌ని అనుకరించే భాగం) మొత్తం ఆపేసి, ఉత్త గిటార్ సౌండ్ వింటూ బూస్టర్ తొక్కండి. అప్పుడు కూడా చిరుగుతుందా?

చివరిది మస్తు ముఖ్యం.


#5 గుంటూరు_స్ట్రాట్ | బుధవారం, రాత్రి 9:20

చూశాను.

చరచర బూస్టర్‌తోనే. స్క్రీమర్‌తో రాదు, కాకపోతే అది జలుబు చేసినవాడు ముక్కుతో పాడినట్టుంది.

బూస్టర్‌కి 18 వోల్టుల అడాప్టర్. పెడల్ 9 నుంచి 18 దాకా తీసుకుంటుందని దాని మీదే రాసి ఉంది. 18 ఇస్తే హెడ్‌రూమ్ (చిరగకుండా పెరగడానికి ఉండే ఖాళీ) పెరుగుతుంది, సౌండ్ తేటగా ఉంటుంది అని ఒక వీడియోలో విని కొన్నాను. వైజాగ్‌లోనూ అదే అడాప్టర్.

ఇన్‌పుట్ లైట్ ఉంది. ఎర్రగా వెలుగుతోంది. సిగ్నల్ బాగా వెళ్తోంది కదా అని సంతోషించాను...

యాంప్ బ్లాక్ ఆపేసినా చిరుగుతోంది!


#6 కోఠి_సోల్డర్ | బుధవారం, రాత్రి 10:50

దొరికింది. మీ మోడలర్ తప్పు లేదు, పెడల్ తప్పు లేదు. ఆ 18 వోల్టుల అడాప్టర్ మీకు మేలు చేద్దామనుకుని కీడు చేసింది. కొంచెం లెక్క రాస్తాను, ఓపిక పట్టండి.

6 డీబీ పెంచితే వోల్టేజ్ రెండింతలు. 20 డీబీ అంటే పదింతలు. సింగిల్ కాయిల్ మీద గట్టిగా స్ట్రమ్ చేస్తే సిగ్నల్ శిఖరం అర వోల్టు ఉందనుకుందాం. పదింతలు అంటే 5 వోల్టులు. పెడల్‌కి 9 వోల్టులే ఇస్తే, సిగ్నల్ మధ్య గీత నుంచి పైకి, కిందికి నాలుగు నాలుగున్నర దాటి కదలలేదు. అంటే పెడల్ తనంతట తానే తల కొట్టేసుకుంటుంది. 18 ఇచ్చినప్పుడు ఆ అడ్డు పోయింది. 5 వోల్టులకు 5 వోల్టులూ బయటికి వస్తున్నాయి.

ఇప్పుడు అవతల ఎవరున్నారో చూడండి.

ట్యూబ్ యాంప్‌లో మొదట ఉండేది 12ఏఎక్స్7, మన పాతవాళ్లు ఈసీసీ83 అంటారు. చాలా యాంప్‌లలో ఆ మొదటి స్టేజ్ ఒకటి, ఒకటిన్నర వోల్టుల దగ్గరే వంగడం మొదలుపెడుతుంది. గ్రిడ్ కరెంట్ లాగడం మొదలవుతుంది, అలల తలలు నున్నగా గుండ్రమవుతాయి. అంటే ట్యూబ్ యాంప్ మీ 5 వోల్టులను తట్టుకుని నిలబడలేదు. అంతకు ముందే లొంగిపోయింది. ఆ లొంగే తీరే మీకు నచ్చిన సౌండ్.

మోడలర్‌లో మొదట ఉండేది ఏడీసీ, అంటే వోల్టేజ్‌ని అంకెలుగా మార్చే చిప్. దానికి వంగడం రాదు. దాని కొలబద్ద ఉన్నంతవరకు ఖచ్చితంగా కొలుస్తుంది, బద్ద అయిపోతే అక్కడితో సరి, మిగిలింది కత్తితో కోసినట్టు పోతుంది. ఉదాహరణకు ఒక బాక్సు ఇన్‌పుట్ హద్దు +12 డీబీయూ అనుకుంటే, శిఖరం సుమారు 4.4 వోల్టులు. మీ 5 దానికి పైనే. హద్దు ఇంకా తక్కువ ఉన్న బాక్సులున్నాయి, బాగా ఎక్కువ ఉన్నవీ ఉన్నాయి.

పల్లెవెలుగు బస్సు, లిఫ్ట్ ఉన్నట్టు అనుకోండి. బస్సులో ఇంకో పది మంది ఎక్కితే ఇరుక్కుంటారు, ఒరుగుతారు, బండి మెల్లగా పోతుంది, కానీ పోతుంది. లిఫ్ట్‌లో ఒక్కడు ఎక్కువైనా బజర్ మోగి ఆగిపోతుంది.

అసలు తిప్పలు ఏంటంటే, ఈ కోత ఏసీ30 మోడల్ దాకా వెళ్లకముందే అయిపోతోంది. తెగిన సిగ్నల్ లోపలికి వెళ్లాక మోడల్ ఎంత గొప్పదైనా ఏం చేస్తుంది? అందుకే యాంప్ బ్లాక్ ఆపి వినమన్నాను. అప్పుడు కూడా చిరిగిందంటే దొంగ గుమ్మం దగ్గరే ఉన్నాడన్నట్టు.

ఇక స్క్రీమర్ ఎందుకు చిరగలేదు? దానిలో క్లిప్పింగ్ డయోడ్లు ఆపాంప్ ఫీడ్‌బ్యాక్‌లోనే ఉంటాయి. మీరు ఎంత గట్టిగా కొట్టినా అవి అర వోల్టు చిల్లర దగ్గర పట్టేసుకుంటాయి. లెవెల్ నాబ్ చివరి దాకా తిప్పినా ఏడీసీని భయపెట్టేంత వోల్టేజ్ సాధారణంగా రాదు. చాలామంది అనుకునేదానికి ఇది ఉల్టా: డర్టీగా వినిపించే పెడల్ మోడలర్‌కి సేఫ్, క్లీన్‌గా వినిపించే పెడలే డేంజర్.

చేయాల్సింది: బూస్టర్‌కి 9 వోల్టులు ఇవ్వండి. నాబ్ పావు దాకే తిప్పండి. మోడలర్‌లో ఇన్‌పుట్ ప్యాడ్ (లోపలికొచ్చే సిగ్నల్‌ని తగ్గించే సెట్టింగ్) ఉంటే వేయండి. ఎర్ర లైట్ వెలగకూడదు. గట్టిగా స్ట్రమ్ చేసినప్పుడు కూడా.

ఆ 18 వోల్టుల వైరు పొరపాటున వేరే పెడల్‌కి గుచ్చకండి. చాలా 9 వోల్టుల పెడల్స్‌లో కెపాసిటర్లు 16 వోల్టులవే ఉంటాయి. అట్ల పోయినవి నా బల్ల మీద ఇప్పుడు రెండున్నాయి.


#7 డల్లాస్_ట్విన్ | గురువారం, ఉదయం 6:30

కోఠి గారు చెప్పినదానికి ఒక ముక్క కలుపుతాను. నా దగ్గర రెండు రకాలూ ఉన్నాయి: ఫెండర్ ట్విన్ రివర్బ్, పాత మార్షల్ జేసీఎం800, వీటితోపాటు ఫ్రాక్టల్ కంపెనీ మోడలర్ యాక్స్-ఎఫ్‌ఎక్స్ 3.

"సౌండ్ పెరగలేదు" అన్నారు చూడండి, అది చరచర నుంచి వేరుగా చూడాల్సిన విషయం. ట్యూబ్ యాంప్‌లో కూడా బూస్ట్ ఎప్పుడూ సౌండ్ పెంచదు. ట్విన్‌ని 3 మీద పెట్టి బూస్ట్ తొక్కితే ఇల్లు అదురుతుంది, ఎందుకంటే 85 వాట్లలో ఇంకా బోలెడు ఖాళీ ఉంది. అదే జేసీఎం800 ప్రీయాంప్ గెయిన్ 8 మీద పెట్టి అదే బూస్ట్ తొక్కితే సౌండ్ పెద్దగా పెరగదు. చిక్కబడుతుంది, సస్టెయిన్ (నోటు నిలిచే సేపు) పెరుగుతుంది, అంతే. ముందే నిండిన బిందెలో ఇంకో చెంబు పోసినట్టు.

వైజాగ్ ఏసీ30 సగానికి పైన పెట్టారు కాబట్టి అక్కడ కూడా సౌండ్ మీరనుకున్నంత పెరిగి ఉండదు. చిన్న గదిలో 30 వాట్లు మీ మోకాళ్లకు తగులుతుంటే పెరిగినట్టే ఉంటుంది. మంచి మోడల్ కూడా సరిగ్గా ఇదే చేస్తుంది. కాబట్టి యాంప్ మోడల్ డ్రైవ్ ఎక్కువ పెట్టి, ముందు బూస్ట్ వేసి సోలో పైకి రాలేదని మోడలర్‌ని తిడితే, అది నిజమైన యాంప్ లాగా ప్రవర్తించినందుకు తిట్టినట్టే.

ఇన్‌పుట్ గురించి: ఫ్రాక్టల్‌లో ఇన్‌పుట్ లెవెల్ తగ్గిస్తే యాంప్ మోడల్‌కి వెళ్లే గెయిన్ తగ్గదు. ఏడీసీ ముందు ఎంత తగ్గిస్తుందో తర్వాత అంతా తిరిగి కలుపుతుంది. అన్ని బాక్సులూ అలా కాదు. కొన్నిట్లో ప్యాడ్ వేస్తే గెయిన్ కూడా పడిపోతుంది, అప్పుడు యాంప్ బ్లాక్‌లో డ్రైవ్ కొంచెం పెంచుకోవాలి. మీది ఏ రకమో మాన్యువల్ చూడండి.

సంబంధం లేని విషయం, అయినా చెబుతాను. ఇక్కడి నుంచి 120 వోల్టుల యాంప్ ఇండియాకి తీసుకెళ్లి మామగారింట్లో నేరుగా 230లో గుచ్చిన మహానుభావుణ్ని నేను. ఫ్యూజ్‌తో పోయింది, అదృష్టం. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ఎవరూ ఆ పని చేయకండి.


#8 ఫేడర్_లక్ష్మి | గురువారం, మధ్యాహ్నం 2:10

విజయవాడలో లైవ్ సౌండ్ చేస్తాను. గిటారిస్టుల మాటలు మిక్సర్ అవతలి వైపు నుంచి వినేదాన్ని కాబట్టి చెబుతున్నాను.

మీరు సోలోకి ముందు బూస్ట్ తొక్కితే నా దగ్గర మీటర్ ఒక్క డీబీ కదులుతుంది, డిస్టార్షన్ మాత్రం రెట్టింపవుతుంది. డిస్టార్షన్ పెరిగితే దెబ్బలోని పదును పోతుంది. కీబోర్డు, కోరస్ మధ్య ఇరుక్కుపోతారు. మీరు "లోపలికి వెళ్లిపోయినట్టుంది" అన్నది అదే.

సోలోకి కావాల్సింది యాంప్ బ్లాక్ తర్వాత పెరగడం. 3 డీబీ, మహా అయితే 4. దానితోపాటు 1 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల కొంచెం ఎత్తండి. హీలిక్స్ లాంటి మోడలర్లలో యాంప్ బ్లాక్ ఛానల్ వాల్యూమ్ పెంచితే టోన్ మారదు, సౌండ్ ఒక్కటే మారుతుంది. డ్రైవ్, మాస్టర్ ముట్టుకుంటే టోన్ మారుతుంది. వేరే బాక్సుల్లో కూడా ఇలాంటి నాబ్ ఒకటి ఉంటుంది.

ఎవరైనా 10 డీబీ పెంచితే నేనేం చేస్తానో తెలుసా? ఫేడర్ దించుతాను. సోలో అయ్యాక మీరు బూస్ట్ తీసేస్తారు, నేను మళ్లీ ఎత్తే లోపు ఒక చరణం అయిపోతుంది. చాలాచోట్ల గిటార్ ఛానల్ మీద కంప్రెసర్ కూడా వేసి ఉంటుంది, మీరు పెంచిందంతా అది తినేస్తుంది. రిహార్సల్‌లో ఒకసారి సోలో ప్యాచ్ తొక్కి చూపించండి, దాన్ని బట్టి సెట్ చేస్తాం. ఎవరూ చూపించరు!

ఇంకో మాట. మోడలర్ ఔట్‌పుట్ లైన్ లెవెల్‌లో (మైక్ సిగ్నల్ కంటే బాగా ఎక్కువ) పెట్టి మిక్సర్ మైక్ ఇన్‌పుట్‌కి ఇస్తే అక్కడ కూడా చిరుగుతుంది. చర్చిల్లో ఇది చాలా మామూలు.


#9 వాల్వ్_బాబాయ్ | గురువారం, రాత్రి 10:05

లెక్కలన్నీ బాగున్నాయి. లొంగే తీరే సౌండ్ అన్నాడు చూడు, ఆ కోఠి అబ్బాయ్ మాటకి నా దండం. కానీ అది మిషన్‌తో తెప్పిస్తామంటే నేను ఒప్పుకోను. నోటు పట్టుకుని యాంప్ వైపు ఒక అడుగు వేస్తే తీగ మళ్లీ తనంతట తాను మోగుతుంది. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే అది జరుగుతుందా?


#10 డల్లాస్_ట్విన్ | గురువారం, రాత్రి 10:40

జరగదు బాబాయ్ గారూ, మీరు చెప్పింది నిజమే. కానీ అది ట్యూబ్ చేసే పని కాదు, స్పీకర్ చేసే పని. గాలి కదిలి తీగను ఊపాలి. మోడలర్‌ని పవర్ యాంప్‌కి, గిటార్ క్యాబినెట్‌కి ఇచ్చి అంతే సౌండ్ పెట్టండి, తీగ మోగుతుంది. ట్యూబ్ యాంప్‌ని స్పీకర్ బదులు లోడ్ బాక్సుకి కలిపి హెడ్‌ఫోన్స్‌తో వినండి, అదీ మోగదు. మనం చాలాసార్లు ట్యూబుని, డిజిటల్‌ని కాదు, గదిలో మోగే యాంప్‌ని, చెవిలో దూరిన రికార్డింగ్‌ని పోల్చి కొట్టుకుంటున్నాం.


#11 డ్రాప్_సి | శుక్రవారం, అర్ధరాత్రి 12:20

గుంటూరు గారి "ముక్కుతో పాడినట్టు" సంగతి ఎవరూ పట్టించుకోలేదు. నాకు ఒక అనుమానం. ఆ ప్యాచ్ మీరు చేసిందా, నెట్‌లో దింపుకున్నదా? టోనెక్స్, న్యూరల్ యాంప్ మోడలర్ లాంటివాటిలో దొరికే క్యాప్చర్లు కొన్ని ముందే స్క్రీమర్ పెట్టి తీసినవి. ఫైల్ పేరులో "బూస్టెడ్" అనో, పెడల్ పేరో ఉంటుంది. దాని ముందు మళ్లీ మీ స్క్రీమర్ వేస్తే మిడ్స్ మీద మిడ్స్, బేస్ కోత మీద కోత. ముక్కు తప్ప ఇంకేం మిగలదు.

క్యాప్చర్ అంటే ఒక సెట్టింగ్ దగ్గర తీసిన ఫొటో. దాని ముందు బూస్ట్ వేస్తే గెయిన్ పెరుగుతుంది, నిజమే. కానీ తీసినప్పుడు ఎంత సిగ్నల్ పంపి నేర్పించారో, అంతకు మించి తోస్తే అది ఊహించుకుని పలుకుతుంది. బాక్సులో కాంపోనెంట్లు లెక్కగట్టి చేసిన యాంప్ మోడల్‌కి బూస్ట్ ఇంకా బాగా పడుతుంది. నా చెవికి అంతే.

మెటల్‌కి మాత్రం స్క్రీమర్ లేకుండా నాకు రోజు గడవదు. డ్రైవ్ సున్నా, లెవెల్ ఫుల్. రెక్టిఫయర్ అనే హై గెయిన్ యాంప్ మోడల్ ముందు పెడితే పామ్ మ్యూట్ (అరచెయ్యి తీగల మీద ఆనించి కొట్టడం) బురదలోంచి రోడ్డెక్కినట్టుంటుంది. బయటి పెడల్‌తో చేశాను, లోపలి బ్లాక్‌తో చేశాను, తేడా పట్టలేకపోయాను. అందుకే బయటిది అమ్మేశాను.


#12 కోఠి_సోల్డర్ | శుక్రవారం, ఉదయం 8:15

డ్రాప్ తమ్మీ, దాని వెనక సర్క్యూట్ కథ ఉంది. స్క్రీమర్‌లో 4.7కే రెసిస్టర్, 0.047 మైక్రోఫారడ్ కెపాసిటర్ కలిసి 720 హెర్ట్జ్ దగ్గర గీత గీస్తాయి. దానికి పైన గెయిన్ పూర్తిగా, కింద తగ్గుకుంటూ వస్తుంది. డ్రైవ్ సున్నా అంటే గెయిన్ సున్నా అనుకుంటారు అందరూ. కాదు, అప్పుడు కూడా దాదాపు పన్నెండింతలు ఉంటుంది.

హై గెయిన్ ట్యూబ్ యాంప్‌లో లావు బేస్ లోపలికి వెళ్తే, గ్రిడ్ కరెంట్ లాగి మధ్యలోని కప్లింగ్ కెపాసిటర్ ఛార్జ్ అవుతుంది. బయాస్ జరిగిపోతుంది, తిరిగి చోటికి రావడానికి టైమ్ పడుతుంది. ఆ లోపు సౌండ్ బొరబొరమంటుంది. స్క్రీమర్ బేస్‌ని గుమ్మం దగ్గరే తగ్గిస్తుంది కాబట్టి ఆ తిప్పలు ఉండవు. మంచి మోడల్స్‌లో ఈ బొరబొరను కూడా లెక్కగట్టి పెట్టారు, అందుకే మందు అక్కడా పనిచేస్తుంది.

లోపలి బూస్ట్‌కి ఇంకో లాభం: అది ఏడీసీ తర్వాత ఉంటుంది. అంకెల్లో 20 డీబీ పెంచుకున్నా ఇన్‌పుట్ చిరగదు.


#13 వాల్వ్_బాబాయ్ | శనివారం, సాయంత్రం 6:45

నిన్న మా మేనల్లుడు వాడి మోడలర్ పట్టుకొచ్చాడు. ఈ థ్రెడ్ చదివి నన్ను ఆటపట్టించడానికే వచ్చాడు వెధవ.

వాడి మోడలర్‌లో క్యాబ్ సిమ్యులేషన్ (స్పీకర్ పెట్టెని అనుకరించే భాగం) తీసేసి, దాన్ని నా ఇంకో యాంప్ రిటర్న్‌లోకి ఇచ్చి, నా ఏసీ30 స్పీకర్లకే కలిపాం. అంటే రెండిటికీ గాలి ఒకటే, పెట్టె ఒకటే. సౌండ్ చెవితో సమానం చేశాం. నేను గోడ వైపు తిరిగి కూర్చున్నాను, వాడు వాయించాడు. బూస్ట్ వేసి, తీసి, మార్చి మార్చి.

దాచుకోవడం ఎందుకు, మొదటి రెండుసార్లు తప్పు చెప్పాను. మూడోసారి వాడు అడగకుండానే లేచి కాఫీ పెట్టాను.

కానీ ఒకటి పట్టుకున్నాను. నాకు ఒక జెర్మేనియం ట్రెబుల్ బూస్టర్ ఉంది. గిటార్ వాల్యూమ్ 10 నుంచి 6కి దించితే గజ్జెలు మోగినట్టు తేటగా అవుతుంది. వాడి బాక్సులోని ట్రెబుల్ బూస్టర్ బ్లాక్‌తో దించితే తగ్గింది కానీ, ఆ గజ్జెలు రాలేదు. ఇది గోడ వైపు తిరిగి కూడా చెప్పాను, ప్రతిసారీ చెప్పాను. వాడే ఒప్పుకున్నాడు. దీనికేమంటావ్ కోఠి?


#14 కోఠి_సోల్డర్ | శనివారం, రాత్రి 8:30

మీ చెవులు కరెక్ట్ బాబాయ్. పాత ట్రెబుల్ బూస్టర్, ఫజ్ లాంటివాటి ఇన్‌పుట్ ఇంపెడెన్స్ (సిగ్నల్‌కి ఎదురయ్యే నిరోధం) చాలా తక్కువ. అవి పికప్‌ని లాగుతాయి. పికప్, గిటార్ వాల్యూమ్ నాబ్, పెడల్ మొదటి ట్రాన్సిస్టర్ మూడూ కలిసి ఒకే సర్క్యూట్ అయిపోతాయి. నాబ్ దించితే సౌండ్ తగ్గడమే కాదు, ఆ మూడింటి సంబంధమే మారుతుంది.

మోడలర్ ఇన్‌పుట్ సాధారణంగా 1 మెగాఓమ్. లోపల ట్రెబుల్ బూస్టర్ బ్లాక్ ఎంత బాగా రాసినా, మీ పికప్‌కి కనిపించేది ఆ మెగాఓమే. హీలిక్స్‌లో, ఫ్రాక్టల్‌లో ఇన్‌పుట్ ఇంపెడెన్స్ మార్చుకోవచ్చు, నిజంగా సర్క్యూట్‌లోనే మారుతుంది. మేనల్లుడి బాక్సులో ఆ సెట్టింగ్ ఉంటే తగ్గించి మళ్లీ పరీక్ష పెట్టండి. చాలావరకు దగ్గరికొస్తుంది. లేకపోతే మీ బూస్టర్‌ని బయటే ఉంచి, దాని వెనక మోడలర్ పెట్టడమే దారి.

నా లెక్క ప్రకారం డబ్బు పెట్టి బయట ఉంచుకోవాల్సిన బూస్ట్‌లు ఇవే. క్లీన్ బూస్టర్, స్క్రీమర్ లోపలివైనా నడుస్తాయి.


#15 డల్లాస్_ట్విన్ | ఆదివారం, ఉదయం 5:50

స్క్రీమర్ విషయంలో నేను పూర్తిగా ఒప్పుకోను. సౌండ్ ఒకటే అయినా, స్టేజి మీద వంగి ఒక నాబ్ తిప్పడం వేరు, మెనూలో మూడు పేజీలు తిరిగి తిప్పడం వేరు. నా స్క్రీమర్ ఇంకా యాక్స్-ఎఫ్‌ఎక్స్ ముందే ఉంది.


#16 గుంటూరు_స్ట్రాట్ | ఆదివారం, రాత్రి 9:00

అందరికీ చాలా థాంక్స్. ఈ వారం చేసినవి రాస్తాను.

బూస్టర్‌కి 9 వోల్టులు, నాబ్ పావు. మాన్యువల్ చూస్తే ఇన్‌పుట్ ప్యాడ్ ఉంది, వేశాను. నా బాక్సులో డల్లాస్ గారు చెప్పిన రెండో రకం, గెయిన్ పడిపోయింది. ఏసీ30 మోడల్ డ్రైవ్ కొంచెం పెంచి, కట్ నాబ్ కొంచెం తిప్పాను. ఎర్ర లైట్ లేదు. చరచర పోయింది. ఒక్క నాబ్‌తో పోయే జబ్బుకి నేను యాంప్ కొనబోయాను.

డ్రాప్ గారి అనుమానం నిజం. దింపుకున్న క్యాప్చర్ పేరు చివర చిన్న అక్షరాల్లో స్క్రీమర్ పేరు ఉంది. అది తీసేసి బాక్సులోని మామూలు మోడల్ పెట్టాక నా స్క్రీమర్‌కి జలుబు తగ్గింది.

లక్ష్మి అక్కా, మీరు చెప్పినట్టు సోలోకి వేరే ప్యాచ్ చేశాను. యాంప్ తర్వాత 3 డీబీ, మిడ్స్ కొంచెం. ఔట్‌పుట్ లైన్ లెవెల్‌లోనే ఉంది, దాన్ని కూడా మార్చాను. ఇవాళ ఆరాధనకి ముందు మా మిక్సర్ బ్రదర్‌కి రెండు ప్యాచ్‌లూ తొక్కి చూపించాను. "ఇన్నాళ్లూ ఇది ఎందుకు చూపించలేదు" అని ఆయన నన్నే తిట్టారు. మూడో పాటలో సోలో మొదటిసారి వెనక బెంచీ దాకా వినిపించిందట, మా చెల్లి చెప్పింది.

ఒక్కటి మాత్రం రాలేదు. వైజాగ్‌లో నోటు పట్టుకుంటే సన్నగా మొదలై లావెక్కిందే, అది. ఇయర్‌ఫోన్‌లో రాదని #10 చదివాక అర్థమైంది. స్టేజి మీద నా పక్కన ఒక పవర్డ్ స్పీకర్ పెట్టుకుంటే కొంతైనా వస్తుందా?


#17 ఫేడర్_లక్ష్మి | ఆదివారం, రాత్రి 9:25

వస్తుంది. కానీ దాని ముఖం మీ వైపే ఉండాలి, పాడేవాళ్ల మైకుల వైపు ఉండకూడదు. మీ బ్రదర్‌ని అడిగి పెట్టండి, అడక్కుండా పెట్టకండి.


#18 వాల్వ్_బాబాయ్ | ఆదివారం, రాత్రి 9:40

వైజాగ్ వచ్చినప్పుడు మా ఇంటికి రా తమ్ముడూ. ఇక్కడ తలుపేసేవాళ్లు ఎవరూ లేరు. నీ డబ్బా కూడా పట్టుకురా, మేనల్లుడిది పక్కన పెట్టి చూద్దాం.


#19 డ్రాప్_సి | ఆదివారం, రాత్రి 10:10

గుంటూరు గారూ, ఆ 18 వోల్టుల అడాప్టర్ ఇక మీకు అక్కర్లేదు కదా, అమ్ముతారా? నా బేస్ ప్రీయాంప్‌కి కావాలి.


#20 కోఠి_సోల్డర్ | ఆదివారం, రాత్రి 10:12

ప్లగ్ మధ్యలో నెగటివా పాజిటివా చూసి కొనుక్కో తమ్మీ. నా బల్ల మీద ఇంక చోటు లేదు.